ఆపడానికి ఇరవై

మా లెసోతో కొండల్లో చందా ఇలా వసూలు చేస్తాం:
బడి పాటల బృందం లేచి నిలబడుతుంది.
ఎవరో బల్ల దగ్గరికొచ్చి అయిదు మలోటి పెట్టి
"ఇంకోసారి పాడించండి" అంటారు.
వెనక బెంచీలోంచి ఇంకొకరు పది పెట్టి
"చాలు, కూర్చోబెట్టండి" అంటారు.
పాటకీ మౌనానికీ మధ్య వేలం.
రాసుకునేవాణ్ణి నేను,
ఒళ్ళో బిస్కెట్ల డబ్బా, చేతిలో ఎర్ర పెన్ను.

ఎందుకంటే
మదామ్ లిమకట్సో ఏడేళ్ళుగా
సుద్దముక్కతోనే రసాయనశాస్త్రం చెబుతోంది.
బోర్డు మీద గాజుగొట్టం గీస్తుంది, కింద బర్నర్,
మంట మాత్రం పసుపు సుద్దతో.
ఆ మంట మీద నీళ్ళెప్పుడూ కాగలేదు.
పిల్లలు పరీక్షలో అచ్చుగుద్దినట్టు గీసి వస్తారు.
కెనెవె అనే పిల్ల ఒకసారి అడిగింది:
"మదామ్, ఆ గొట్టం పట్టుకుంటే బరువుంటుందా?"
మదామ్ డస్టర్ తీసి బోర్డు తుడిచింది.
ఆ సాయంత్రం నా కొట్టుకొచ్చి
"లెక్కల పుస్తకం ఒకటివ్వు, అప్పుగా" అంది.
మొదటి పేజీలో ఆ అప్పే ఉంది.

సెప్టెంబరు శనివారం, పోతూపోతూ కురిసిన మంచు.
కాపర్లు కంబళ్ళు కప్పుకొని వచ్చారు,
కొత్తగా కత్తిరించిన మేకల ఉన్ని వాసనతో.
హెడ్మాస్టరు టోపీ తియ్యడానికి పదిహేను,
మళ్ళీ పెట్టుకోడానికి ఇరవై.
సెఖోబే ముసలాయన కోడిని తెచ్చి బల్లమీద పెట్టాడు,
"ఎంత రాసుకుంటావో రాసుకో."
నా పుస్తకంలో కోళ్ళకి గడి లేదు.
అంచున రాశాను.

ఎనిమిదో పాట మధ్యలో మమోహాపి లేచింది.
ఇరవై పెట్టింది. "ఆపండి" అంది.
ఎవరో నవ్వుతూ పాతిక పెట్టి పాడమన్నారు.
ఆమె కొంగుముడి విప్పి యాభై పెట్టింది.
"పాటొద్దు. మాటలొద్దు."
మౌనం కొన్నవాళ్ళకి మౌనమే ఇవ్వాలి, అది నియమం.
రేకుల మీంచి మంచు జారిన చప్పుడు.
కోడి గొంతులో గురగుర.

చివరికి పాటలు నేర్పే రమోక్వత్సి
తన జేబులోంచే పది తీసి పెట్టాడు:
"అమ్మా, నువ్వు మాట్లాడాలని."

"నా మనిషి ఇరవై రెండేళ్ళు
బంగారు గనిలో రాయి తొలిచాడు.
ఇంటికి దగ్గొకటే తెచ్చాడు.
డాక్టరు ఆ నల్లటి ఫొటో కిటికీకి ఆనించి
దుమ్మమ్మా, ఊపిరితిత్తుల్లో, అన్నాడు.
ఏదీ అన్నాను.
కంటికి ఆనేంత పెద్దది కాదన్నాడు.
పధ్నాలుగేళ్ళకి పోయిన నెల పరిహారం వచ్చింది.
ఆ చూసే యంత్రం ఎంతవుతుందో లెక్కాయన చెప్పాలి.
పిల్లలకంటే ముందు నేను చూస్తాను.
అతని బూట్లు తలుపు వెనకే ఉన్నాయి.
దులపలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
వాటి ధరెంతో ఎవరికీ తెలీదు.

కూడితే గోడలకి సరిపోయింది, కప్పుకి సగం.
కిటికీలు వచ్చే ఉన్ని కోతకి.
కోడి ఆ రాత్రే గుడ్డు పెట్టింది. అదీ రాశాను.

ఫిబ్రవరిలో సూక్ష్మదర్శిని వచ్చింది,
దాన్ని పెట్టే గది ఇంకా రాలేదు.
నా కొట్లోనే, మొక్కజొన్న పిండి బస్తాల మధ్య
పిండి ఎగరకుండా తడిగోనె కప్పి, బల్ల వేశాం.
మదామ్ చాకు మొనతో
బూటు కుట్టులోంచి కాస్త దుమ్ము
గాజుపలక మీదికి రాల్చింది.

మమోహాపి వంగింది.
ఎంతసేపో వంగే ఉంది.
ఊపిరి బిగబట్టిందని
కొంచెం ఆలస్యంగా తెలిసింది నాకు.
వెనక కెనెవె వంతుకోసం
ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఏం కనిపించిందని ఎవరూ అడగలేదు.
ఆమే లేచి, పిల్లకి చోటిస్తూ
"మెరుస్తోంది" అంది,
కోపంగా.